గాజు పలక కింద తాబేలు

మా ఆవిడ ఒక తాబేలు పిల్లని వడియాల్లాగా డాబా మీద ఎండబెట్టిందనీ, కొనప్రాణంతో ఉన్న దాన్ని నేను నా తెలివితో బతికించాననీ, స్టీల్ ప్లాంట్‌లో నాతో పనిచేసినవాళ్ళలో సగం మందికైనా తెలుసు. చెప్పింది నేనే. క్యాంటీన్‌లో చెప్పాను, ప్లాంటు బస్సులో చెప్పాను, రుషికొండ బీచికి పిక్నిక్ వెళ్తే ఇసుకలో తొట్టి బొమ్మ గీసి మరీ చెప్పాను. పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి ముందు కూర్చున్నవాళ్ళకి, వాళ్ళు అడక్కపోయినా చెప్పాను. పదేళ్ళ పైన చెప్పిన ఆ కథలో నిజాలు రెండే. తాబేలు ఉంది, డాబా ఉంది. మిగతాదంతా ఇప్పుడు సరిచేయాలి.

తొంభైల చివరి మాట. మాది గోదావరి వైపు. ఉద్యోగం కోసం విశాఖపట్నం చేరాను. ఇనుప దిమ్మల్ని ఎర్రగా కాల్చే కొలిమిలో ఎంత వేడి ఉందో చూపించే మీటర్లు సరిచూడటం నా పని. వెయ్యి డిగ్రీల పైన ఐదు డిగ్రీల తేడా వచ్చినా పట్టేసేవాణ్ణి. ఇంట్లో స్టవ్ మీద పాలు పొంగుతుంటే మాత్రం ఒక్కసారి కూడా పట్టలేకపోయాను. అది కొలిమి కాదు కదా అని సరిపెట్టుకునేవాణ్ణి. మా ఆవిడ పోర్టు వైపు ఒక బడిలో టీచరు. క్వార్టరు వచ్చేదాకా ఆ బడికి దగ్గరలోనే ఒక మేడ మీద వాటా అద్దెకి తీసుకున్నాం. పైన డాబా మాదే.

ఆ పేటలో అందరికీ ఒక అలవాటు. ఓడల్లోంచి బొగ్గు దింపే రోజుల్లో గాలి మావైపు తిరిగితే నల్ల దుమ్ము వచ్చి పడేది. తెల్ల చొక్కా ఆరేసి బూడిదరంగు చొక్కా తీసుకునేవాళ్ళం. అందుకని ఆరుబయట పెట్టిన ప్రతిదానికీ ఏదో ఒక మూత ఉండేది. వడియాల మీద పాత పంచె, స్కూటరు మీద దుప్పటి, మంచినీళ్ళ బిందె మీద పళ్ళెం. ఏదైనా మూత లేకుండా కనిపిస్తే పక్క డాబా మీంచి ఎవరో ఒకరు కేకేసి చెప్పేవారు. అక్కడ చేరిన ఏడాదికి నేను కూడా అలా కేకలేసేవాణ్ణి అయిపోయాను.

మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి తాబేలు కావాలంది. పాత ఊళ్ళో చేపల తొట్టెలు అమ్మే ఒక పెద్దాయన కొట్టుకి తీసుకెళ్ళాను. బిస్కెట్ అంత ఉంది పిల్ల. ఆకుపచ్చ పెంకు, చెవి దగ్గర ఎర్ర గీత. కొట్టాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చెప్పాడు.

"సార్, ఇది నీళ్ళల్లో ఉంటది గానీ, ఎప్పుడూ నీళ్ళల్లోనే ఉంటే బతకదు. ఎక్కి కూర్చోడానికి రాయి పెట్టండి. ఒళ్ళంతా పొడిగా ఆరిపోవాల. పొద్దున్న ఎండ డైరెక్టుగా తగలాల, మధ్యలో ఏదీ అడ్డం ఉండొద్దు. ఎండ ఎక్కువైతే దూరడానికి ఒక పక్క నీడ కూడా పెట్టండి."

"వేడి సంగతి నాకు చెప్పక్కర్లేదు భాయ్. నేను కొలిమి దగ్గర పనిచేస్తాను," అన్నాను.

ఆయన నావైపోసారి, తాబేలు వైపోసారి చూశాడు. "కొలిమి వేరే సార్. ఇది బచ్చా," అన్నాడు.

ఇంటికి తెచ్చి నీలం రంగు ప్లాస్టిక్ తొట్టిలో వేశాం. మధ్యలో చదునైన రాయి పెట్టాం. మర్నాడు చూద్దును కదా, తాబేలు ఆ రాయి ఎక్కి, మెడ చాచి, వెనక కాళ్ళు రెండూ బారుగా వెనక్కి జాపి, వేళ్ళు విచ్చుకుని, కళ్ళు మూసుకుని పడి ఉంది. చచ్చిపోతోందని భయపడి నీళ్ళలోకి తోశాను. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ తోశాను. ఏడోసారి తోస్తుంటే మా ఆవిడ చూసింది.

"ఏవండీ, అది ఎండ కాచుకుంటోంది. ఆదివారం మీరు వాలుకుర్చీలో అలాగే పడుకుంటారు. మిమ్మల్ని ఎవరైనా ఎత్తి కాలవలో పడేస్తున్నారా?"

ఆ రోజునుంచి రోజూ పొద్దున్నే తొట్టిని డాబా మీదకి తీసుకెళ్ళే పని ఆవిడ పెట్టుకుంది. ఒక పక్క చెక్క అడ్డం పెట్టి నీడ చేసేది. బడికి తయారయ్యేలోపు ఒక అరగంట. తాబేలు రాయి మీద ఆరేది, వేడెక్కాక బుడుంగున నీళ్ళలో పడేది, మళ్ళీ ఎక్కేది. అలా రెండు వారాలు బాగానే గడిచాయి. అప్పుడే తొట్టి నీళ్ళ మీద నల్లటి తెట్టు నా కళ్ళబడింది.

నా బుర్రకి మూత తట్టింది. ఊడిపోయిన కిటికీ రెక్కలోంచి తీసి దాచిన గాజు పలక ఒకటి ఉంటే తెచ్చి తొట్టి మీద పెట్టాను. కొలిచి కోయించినట్టు సరిపోయింది.

"దోమతెర ముక్క వేద్దామండి. గాలీ ఎండా రెండూ తగుల్తాయి," అంది మా ఆవిడ.

"దోమతెరలోంచి దుమ్ము రాదూ?"

"మధ్యలో ఏదీ అడ్డం ఉండకూడదని కొట్టాయన అన్నాడని మీరేగా చెప్పారు."

"గాజు అడ్డం ఎలా అవుతుందే? అవతలిది కనిపిస్తోందిగా! వెలుతురు వస్తే ఎండ వచ్చినట్టే. ఇది నా సబ్జెక్టు."

ఆ చివరి మాట ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి. మీటరు పెడితే ఎన్ని డిగ్రీలో కూడా చూపిస్తుంది. నేను అంతటితో ఆగలేదు. తొట్టిలో ఒక థర్మామీటరు పెట్టి, రోజూ పొద్దున్న క్యాలెండరు వెనక అంకెలు రాసేవాణ్ణి. ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి. అంకెలు ముచ్చటగా ఉండేవి. తాబేలే రోజురోజుకీ చిక్కిపోయేది.

మూడు నెలలకి దాని కనురెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి. అన్నం మెతుకులు, రొట్టె ముక్కలు వేస్తే ముట్టడం మానేసింది. పెంకు బొటనవేలితో నొక్కితే నానిన అట్టలా లోపలికి దిగేది. అంచులు పైకి తిరగడం మొదలుపెట్టాయి. మా అమ్మాయి బడినుంచి రాగానే తొట్టి దగ్గరే కూర్చుని, "నాన్నా, ఇది చచ్చిపోతుందా?" అని అడిగేది. "నేనుండగా?" అనేవాణ్ణి.

టిఫిన్ డబ్బాలో తడి గుడ్డ వేసి దాన్ని కొట్టాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పెంకు నొక్కి చూసి, "ఎండ చూపించట్లేదా సార్?" అన్నాడు.

"రోజూ చూపిస్తున్నాం."

"దేంట్లోంచి?"

నేను గర్వంగా గాజు సంగతి చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"అరె సార్! గాజు వెలుతురు పంపిస్తది, వేడి పంపిస్తది. పెంకుని గట్టి చేసే గుణం ఉంటది చూడండి ఎండలో, దాన్ని మాత్రం పైనే ఆపేస్తది. మూణ్ణెల్ల నుంచి ఇది ఎండని షోకేసులో చూస్తంది, తినట్లేదు. ముందు ఇంటికెళ్ళి ఆ గాజు తీసెయ్యండి. అన్నం, రొట్టె బంద్. ఎండు రొయ్యలు, ఆకుకూర వెయ్యండి. నీళ్ళు రోజూ మార్చండి. సముద్రపు నురుగు అని ఒడ్డుకి కొట్టుకొచ్చే తెల్ల ఎముక ఉంటది, దొరికితే ఒక ముక్క వెయ్యండి, కొరుక్కుంటది."

ఇంటికొచ్చి మా ఆవిడకి ఎండు రొయ్యల సంగతి చెప్పాను. ఆకుకూర, సముద్రపు నురుగు, నీళ్ళ సంగతి కూడా చెప్పాను. గాజు సంగతి చెప్పలేదు. ఎందుకంటే ఆవిడ మూడు నెలల కిందట సరిగ్గా అదే చెప్పింది. గాజు తీయాలని నాకూ తెలుసు, కానీ అది నాకు నేనుగా తట్టిన ఆలోచనలా కనిపించే సందు కోసం చూస్తున్నాను. ఆ సందు పదిహేను రోజులైనా దొరకలేదు. అన్ని రోజులూ తాబేలు గాజు కిందే ఉంది. నేను చేసినవాటిలో అన్నిటికంటే సిగ్గుపడాల్సింది ఇదే. తర్వాత జరిగిన దానికి నిద్ర వంక ఉంది, దీనికి ఏ వంకా లేదు.

సముద్రపు నురుగు ముక్క మాకు జాలరిపేట నుంచి చేపలు తెచ్చే ఆమె ఇచ్చింది. కొంగున కట్టుకొచ్చి ఇస్తూ డాబా మీదకి తొంగి చూసి, తొట్టి మీద గాజు చూసి ఒకటే నవ్వు.

"ఏటి బాబూ, తాబేలికి గాజు మూత ఎట్టినావా? మా ఒడ్డుకి పెద్ద పెద్దయి వొత్తాయి, పడవంతేసి. ఆటికెవులు ఎడతారు మూత?"

"పోర్టు దుమ్ము పడుతుందమ్మా," అన్నాను.

"దుమ్ము పడితే కడుక్కుంటాది. నీల్లల్లోనే ఉన్నాది కదేటి!"

మా ఆవిడ నావైపు ఒక చూపు చూసి, ఆ ముక్క తీసుకుని డాబా మీదకి వెళ్ళింది.

ఆ తర్వాత ఒక ఆదివారం గాజువాకలో మా ఆవిడ చెల్లెలి గృహప్రవేశం. నాకు ముందురోజు రాత్రి డ్యూటీ, అందుకని నన్ను పడుకోమని తల్లీ కూతుళ్ళు పొద్దున్నే బయల్దేరారు. వెళ్ళేముందు మా ఆవిడ తొట్టిని డాబా మీద పెట్టింది. గాజు తీసి గోడకి ఆనించింది. సగం తొట్టికి చెక్క వేసి నీడ చేసింది. నన్ను లేపి, "తొమ్మిదికల్లా కిందికి దించండి, మర్చిపోకండి," అంది. సరేనన్నాను.

వాళ్ళు వెళ్ళాక పైకెళ్ళి చూశాను. గాలి మావైపే ఉంది. పైగా గాజు తీసేసి ఉండటం నాకు నచ్చలేదు. చెక్క తీసి పక్కన పెట్టి, గాజు తెచ్చి తొట్టి మీద సరిగ్గా అమర్చాను. కిందికొచ్చి టీవీలో క్రికెట్ పెట్టుకుని వాలుకుర్చీలో కూర్చున్నాను. మొదటి వికెట్ పడటం గుర్తుంది. ఆ తర్వాత గుర్తులేదు.

మెలకువ వచ్చేసరికి పన్నెండు దాటింది. కింద గేటు చప్పుడు, మా అమ్మాయి గొంతు. రెండేసి మెట్లు దాటుకుంటూ డాబా మీదకి పరుగెత్తాను. గాజు లోపలి వైపంతా ఆవిరి చెమ్మ. ఎత్తితే ముఖానికి వేడి కొట్టింది. తాబేలు నీళ్ళలో నోరు తెరుచుకుని, కాళ్ళూ మెడా వేలాడేసి ఉంది. నేను మొదట చేసిన పని తాబేలుని తీయడం కాదు. గాజుని గోడకి ఆనించడం.

ఈలోగా మా అమ్మాయి పైకొచ్చింది. తొట్టిలోకి చూసి కెవ్వున కేకేసింది. "ఏమైంది నాన్నా?"

"మీ అమ్మ పొద్దున్న ఎండలో పెట్టి వెళ్ళింది కదమ్మా," అన్నాను.

ఆ వాక్యంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే అంత బాగా పనిచేసింది.

మా ఆవిడ అప్పటికే గుమ్మంలో ఉంది. పక్కన పడి ఉన్న చెక్క చూసింది. గోడకి ఆనించిన గాజు మీద కారుతున్న చెమ్మ చూసింది. నన్ను చూసింది. అడగడానికి టైము లేదనుకుందో ఏమో, పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని తాబేలుని చేతిలోకి తీసుకుంది. నేను కిందికి పరుగెత్తి ఫ్రిజ్‌లోంచి ఐసు నీళ్ళ సీసా తెచ్చాను. ఆవిడ నా చేతిలోంచి లాక్కుంది.

"ఉడికినదాన్ని ఐసులో ముంచుతారా? ఇది మీ ప్లాంటు ఇనుము కాదు. తప్పుకోండి."

నీడలో కూర్చుని, కుండీలో మామూలు నీళ్ళు గడ్డం దాకా వచ్చేట్టు పోసి, తల పైకి ఉండేట్టు పట్టుకుంది. నీళ్ళు కాస్త వెచ్చబడగానే మార్చింది. అలా సాయంత్రం నాలుగు దాటేదాకా కూర్చుంది. పట్టుచీర మోకాళ్ళ దాకా తడిసిపోయింది. అమ్మాయి ఏడ్చి ఏడ్చి కింద గదిలో నిద్రపోయింది. నాలుగున్నరకి వెనక కాలు ఒకటి కదిలింది. తర్వాత మెడ లోపలికి ముడుచుకుంది.

"ఒక్క నిమిషం పట్టుకోండి, చీర మార్చుకుని వస్తాను," అని నా చేతికిచ్చి మా ఆవిడ కిందికి వెళ్ళింది. ఆ ఒక్క నిమిషంలోనే మా అమ్మాయి లేచి వచ్చింది. నా చేతిలో తాబేలు కాళ్ళు ఆడిస్తోంది.

"నాన్నా! నువ్వు బతికించేశావా?"

నేను అవునని అనలేదు. కాదనీ అనలేదు. నవ్వాను. ఆ నవ్వు పదేళ్ళ పైన సాగింది.

ఆ సాయంత్రం వంటింట్లో మా ఆవిడ అంది. "అమ్మాయికి మీరే చెప్పాలి. నేను చెప్పను." రేపు చెబుతానన్నాను. రేపు దానికి పరీక్ష. ఎల్లుండి నాకు డ్యూటీ. ఆ తర్వాత క్యాంటీన్‌లో ఎవరో తాబేలు ఎలా ఉందని అడిగితే, నవ్వించడానికి వడియాల మాట అన్నాను. అందరూ నవ్వారు. మర్నాడు ఇంకొకరికి చెబుతూ ఇంకొంచెం కలిపాను.

గాజు పలకని మా ఆవిడే పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. అడ్డం లేని ఎండ తగిలాక తాబేలు కళ్ళు తెరిచింది, రెండు మూడు నెలల్లో పెంకు గట్టిపడింది. పైకి తిరిగిన అంచులు మాత్రం అలాగే ఉండిపోయాయి. మా అమ్మాయి తొట్టిని తల్లిని ముట్టుకోనిచ్చేది కాదు. "నువ్వొద్దమ్మా, నువ్వు మర్చిపోతావు," అనేది. ఎనిమిదేళ్ళప్పుడు అది పిల్లచేష్ట. పద్నాలుగేళ్ళకీ అలాగే అనేది. పశువైద్యం సీటు వచ్చి హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు ఎండు రొయ్యల డబ్బా నా చేతికిచ్చి, "నువ్వే చూసుకో నాన్నా, అమ్మకి ఇవ్వకు," అంది. మా ఆవిడ పక్కనే సూటుకేసు సర్దుతోంది. సర్దుతూనే ఉంది.

అప్పటికి మేము పెందుర్తిలో సొంతిల్లు కట్టుకున్నాం. తాబేలు పళ్ళెమంత అయింది. రెండో ఏడాది సెలవులకి వచ్చినప్పుడు మా అమ్మాయి దాన్ని ఒళ్ళో పెట్టుకుని పెంకంతా తడిమి చూసింది. నేను పేపరు చదువుతున్నాను.

"నాన్నా, ఈ అంచులు ఎప్పుడు తిరిగాయి?"

"నీకు తెలుసుగా. మీ అమ్మ ఎండబెట్టినప్పుడు."

"ఎక్కువ ఎండ తగిలితే తాబేలు చచ్చిపోతుంది నాన్నా. పెంకు వంగదు. ఎండ తగలకపోతే వంగుతుంది. అది కూడా ఒక రోజులో కాదు, నెలల తరబడి." మళ్ళీ అంచు మీద వేలు పెట్టింది. "అమ్మ రోజూ డాబా మీద పెట్టేది, నాకు గుర్తుంది. మరి ఎండ ఎందుకు తగల్లేదు?"

వంటింట్లో తిరుగుతున్న మిక్సీ ఆగింది.

నేను పేపరు మడిచాను. గాజు దగ్గర మొదలుపెట్టాను. కొట్టాయన చెప్పింది చెప్పాను, పదిహేను రోజులు దాచింది చెప్పాను, వాలుకుర్చీ చెప్పాను, చెమ్మ కారుతున్న గాజుని ముందు గోడకి ఆనించింది చెప్పాను. మధ్యలో ఒకచోట అలవాటుకొద్దీ నవ్వించబోయాను. మా అమ్మాయి నవ్వలేదు.

అంతా విని లేచి వంటింట్లోకి వెళ్ళింది. నేను కూర్చున్నచోటికి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"నువ్వెందుకు చెప్పలేదమ్మా?"

"నీకప్పుడు ఎనిమిదేళ్ళు. మీ నాన్నంటే ప్రాణం. ఎలాగూ బతికింది కదా, ఆయనే చెబుతార్లే అనుకున్నాను. ఇన్నేళ్ళు పడుతుందనుకోలేదు."

"నేను నిన్ను దాన్ని ముట్టుకోనివ్వలేదు."

"పోనీలే, తొట్టి కడిగే పని తప్పింది," అంది మా ఆవిడ. తర్వాత మిక్సీ మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

ఇంట్లో చెప్పాక బయట కూడా చెప్పాలనిపించింది. ప్లాంటులో నాతో మొదటినుంచీ పనిచేసిన ఈ ఊరివాడు ఒకడున్నాడు. నన్ను బావా అంటాడు. తాబేలు కథ అందరికంటే ఎక్కువసార్లు చెప్పించుకున్నది వాడే. క్యాంటీన్‌లో పక్కకి తీసుకెళ్ళి అసలు సంగతి చెప్పాను. వాడు టీ తాగడం ఆపలేదు.

"ఏటి బావా, ఇప్పుడు సెప్తన్నావా? మాకెప్పుడో తెల్సు. చెల్లెమ్మ ఆ వారమే మా ఇంటిదానికి సెప్పీసింది."

"మరి తెలిసీ నాచేత అన్నిసార్లు ఎందుకు చెప్పించావురా?"

"నువ్వు సెప్తంటే బాగుంటాది బావా. సెప్పినప్పుడల్లా ఓ కొత్త అబద్ధం. ఈసారి ఏటి కలుపుతాడో అని పందెం ఏసుకునేవోళ్ళం. పోయినసారి నువ్వు తాబేలు నోట్లో గాలి ఊదినావు."

ఊదాననే చెప్పాను. ఒప్పుకుంటున్నాను.

సెలవులు అయిపోయి హాస్టల్‌కి వెళ్ళేరోజు మా అమ్మాయి రొయ్యల డబ్బా తల్లి చేతిలో పెట్టింది. నాకు తొట్టి కడిగే పని అప్పగించింది. మా ఆవిడ తాబేలుని ఎత్తుకుని ఎండలో ఇటుకల మీద పెట్టబోతే అది తలా కాళ్ళూ లోపలికి లాగేసుకుంది. ఆవిడ చెయ్యి దానికి తెలియదు. తనని బతికించిన చేతిని గుర్తుపట్టే వీలు నేను దానికి ఇవ్వలేదు. ఆవిడ దాన్ని కింద పెట్టి, కొంచెం దూరంగా పీట వేసుకుని కూర్చుంది. మర్నాడూ అంతే. నాలుగు రోజులు ఆవిడ కూర్చునేది, అది తల బయటికి పెట్టేది కాదు.

ఐదో రోజు పొద్దున్న మెడ సాంతం చాచి, వెనక కాళ్ళు జాపి ఎండలో పడుకుంది. కాసేపయ్యాక లేచి ఆవిడ దగ్గరికి నాలుగడుగులు వేసి, వేళ్ళ మధ్య పట్టుకున్న తోటకూర ఆకుని చటుక్కున లాక్కుంది. మా ఆవిడ సంబరంగా నావైపు తిరిగింది. నేను నోరు తెరిచేలోపే, "మీరేం చెప్పకండి," అంది.